గంగి, నాలుగు తోలుబొమ్మలు, ధాత కరువు: ఒక పిల్లల నవల పని డైరీ

ఉగాది అయినాక

నవలకు కాలం ఖాయమైంది. ధాత నామ సంవత్సరం, అంటే 1876-77. ఆ ఏడు వానలు ఎగ్గొట్టిన దగ్గర కథ మొదలవుతుంది. మరుసటేడు ఈశ్వరలో వానలు పడి, వాటి వెనకే జ్వరాలు వచ్చిన దగ్గర ముగుస్తుంది. నాయిక పేరు గంగి, పదేండ్ల పిల్ల. తోలుబొమ్మలాడించే ఇంట్లో పుట్టింది. తల్లి లేదు. నాయన రెండో అధ్యాయంలో కలరాతో పోతాడు. ఆ తర్వాత ఆ పిల్లకు మిగిలేది గొంతు, నాలుగు బొమ్మలు, సగం చెక్కిన ఒక తోలు.

మద్రాసు రాజధానిలో, అంటే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, ఆ కరువు దెబ్బ గట్టిగా తగిలిన జిల్లాలు బళ్ళారి, కర్నూలు, కడప. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లా జనంలో దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. దక్షిణాది అంతా కలిపి యాభై లక్షల మందికి పైగా పోయారని అంచనాలున్నాయి. ఈ అంకెలు నవలలో ఎక్కడా రావు. కానీ ఒక కాగితం మీద రాసి నా రాతబల్ల ఎదురుగా గోడకు అంటించుకున్నాను. ఆకలిని కథకు అలంకారంగా వాడుకునే వాక్యం ఏదైనా చేతికొస్తే, ఆ కాగితం చూసి కొట్టేయాలి.

పది నుంచి పదమూడేండ్ల పిల్లల కోసం ఈ పని. మన సీమ పిల్లలకు కరువు అనే మాట కొత్తది కాదు. బోరు ఎండిపోయిందనీ, బెంగళూరికి పనికి పోదామనీ ఇంట్లో పెద్దవాళ్లు రాత్రిపూట మెల్లగా మాట్లాడుకోవడం వింటూ పెరిగిన పిల్లలు నా తరగతిలోనే ఉన్నారు. వాళ్లకు అబద్ధం చెప్పకూడదు, భయపెట్టి పుస్తకం మూయించనూ కూడదు. ఈ నవలలో అసలు కష్టం ఇదే.

ఏప్రిల్, పటం పని

గంగి నడిచే దారి గీస్తున్నాను. మొదట తేల్చుకోవలసింది, ఆ పిల్లకు "అనంతపురం జిల్లా" అనే మాట తెలియదు. అనంతపురం బళ్ళారి నుంచి విడిపడి జిల్లా అయింది 1882లో. కాబట్టి కథలో తాసిల్దారు గుమాస్తా ఊరి పేరు రాసుకునేటప్పుడు బళ్ళారి జిల్లా అనే రాస్తాడు. నంద్యాల జిల్లా, శ్రీ సత్యసాయి జిల్లా అనే పేర్లు మొన్న 2022లో వచ్చినవి. నా పటం మీద అవి పెన్సిలుతో మాత్రం ఉన్నాయి, ఇప్పటి పిల్లలు తమ ఊరు వెతుక్కోవడానికి.

దారి ఇట్లా కుదిరింది. చిత్రావతి ఒడ్డున పేరు పెట్టని ఒక పల్లె. అక్కడి నుంచి తాడిపత్రి. తర్వాత కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు. తర్వాత కోయిలకుంట్ల. చివరికి కర్నూలు-కడప కాలువ గట్టు. ఆ పిల్ల ఉత్తరానికి ఎందుకు నడుస్తుంది? కాలువ ఉంది కాబట్టి. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, ఒక ఇంగ్లీషు కంపెనీ 1863లో మొదలుపెట్టి 1870 నాటికి తవ్వించిన కాలువ అది. పడవలు కూడా తిరగాలని తవ్వారు. పెన్నలో చెలమలు తీసినా నీళ్లు ఊరని ఏట, "ఆడ కాలవలో పడవలు పోతాండాయంట" అని ఎవరో సంతలో అన్న మాట చాలు, ఒక పిల్ల నడవడానికి. సాహస కథకు నిధి అక్కర్లేదు. నీళ్లు చాలు.

తాడిపత్రిలో రైలు ఉంది. మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా పోయే దారి 1871కే రాయచూరు దాకా పూర్తయింది. కర్నూలు పట్నానికి మాత్రం అప్పటికి రైలు రాలేదు. అంటే ధాన్యం రైలు స్టేషను దాకా వచ్చి, అక్కడి నుంచి ఎద్దుల బండి ఎక్కాలి. మేత లేక ఎద్దులే చచ్చిపోతున్న ఏడు అది. ఈ ఒక్క సంగతి పిల్లలకు అర్థమైతే, తిండి ఉండీ మనుషులు ఎట్లా చనిపోయారో అర్థమవుతుంది. అందుకే మూడో అధ్యాయం మొత్తం స్టేషను బయటే నడుస్తుంది. బస్తాలు, వాటికి కాపలా, కాపలావాడి కర్ర అందనంత దూరంలో కూర్చున్న జనం, రాలిన గింజలు ఏరుకునే పిల్లలు. అక్కడే గంగికి మూడేండ్ల ఓబులేసు దొరుకుతాడు. వాడు ఎవరి పిల్లాడో ఎవరికీ తెలియదు. ఎవరూ లేని ముసలామె నాగమ్మ జేజి కూడా అక్కడే దొరుకుతుంది. ఆ ముగ్గురూ ఇక ఒక కుటుంబం.

అదే కాలంలో, 1877 జనవరి 1న, ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియా రాణిని హిందూదేశ చక్రవర్తిని అని ప్రకటించారు. ఆ కబురు తాడిపత్రి వీధిలో ఒక దండోరాగా వినబడుతుంది, అంతే. దాని మీద వ్యాఖ్యానం ఏదీ రాయలేదు. దండోరా వినబడుతున్నప్పుడు గంగి నేల మీద జొన్నగింజ కోసం వెతుకుతూ ఉంటుంది.

మే నెల, బొమ్మల ఊరు

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. ఈ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఇప్పుడు చాలా ఇండ్లలో దీపాల తోలు గొడుగులు, గోడ బొమ్మలు చేస్తున్నారు, ఆటకంటే వాటికే గిరాకీ. ఒక ముసలాయన నన్ను నీడన కూర్చోబెట్టి తోలు పని మొదటి నుంచి చూపించారు. మేక తోలును వేడి నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి కట్టి ఎండబెడతారు. ఎండితే వెలుతురు ఆ పక్క నుంచి ఈ పక్కకు కనబడుతుంది. దాని మీద గీతలు గీసి, ఉలితో నగలన్నీ చిల్లులుగా చెక్కుతారు. రంగు రెండు వైపులా వేస్తారు. కీళ్ల దగ్గర దారంతో కట్టి, నడిమికి చీల్చిన వెదురు బద్ద పెడతారు. తెర వెనక ఆముదం దీపం వెలిగితే, ఆ చిల్లులే సీతమ్మ నగలై మెరుస్తాయి.

నేను ఎండబెట్టిన తోలు ముక్క మీద ఉలి పెట్టి చూశాను. వరసగా చిల్లులు పడడానికి చేతికి ఎంత స్థిమితం కావాలో అప్పుడు తెలిసింది. ఈ అనుభవం గంగి నాయన చేతుల వర్ణనలోకి నేరుగా వెళ్లింది.

వాళ్లు ఇంట్లో ఆరె మరాఠీ మాట్లాడుకుంటారు, తెర వెనక తెలుగు పాడతారు. కాబట్టి గంగి కలలో నాయన మరాఠీలో పిలుస్తాడు, ఆటలో తెలుగు రామాయణం పాడతాడు. ఆడవాళ్లు తెర వెనక పాడడం ఈ ఇండ్లలో మామూలే. సీతమ్మకూ, ఆటలో నవ్వించే బంగారక్కకూ గొంతు ఇచ్చేది ఇంటి ఆడవాళ్లే. గంగి ఆట నేర్చుకోవడానికి కథలో ప్రత్యేకమైన కారణం ఏదీ కల్పించనక్కర్లేదని చాలా సంతోషమైంది. తల్లి గొంతు ఆగిపోయిన చోట బిడ్డ అందుకుంది.

నాకు ఉన్న పెద్ద చిక్కు మోత. ఆంధ్రలో బొమ్మలు నాలుగడుగులు, కొన్ని ఆరడుగులు ఉంటాయి. పదేండ్ల పిల్ల ఒక్కతే మొత్తం మేళాన్ని ఎట్లా మోస్తుంది? ఆ మాటే అడిగాను.

"మేడమ్మా, ఆ పాప రావణాసురుడిని ఎత్తుకోకూడదు," అన్నారు ఆయన. "పది తలకాయలు, నిలువెత్తు మనిషి. గాలొస్తే పాపనే లాక్కొని పోతాడు. సుందరకాండ ఎత్తుకోమను. హనుమంతుడు, సీతమ్మ ఉంటే చాలు. రావణుడు గొంతులో వస్తాడు."

"ఇంకా?"

"పోలిగాడు లేకుండా ఆట యాడుంది? వాడుంటే బంగారక్క ఉండల్ల. చేతులూ కాళ్లూ మడిచి రెండు చాపల నడుమ పెట్టి కట్టుకోమను. తడవకూడదు. ఎండకు పెట్టకూడదు."

అట్లా నాలుగు బొమ్మలు ఖాయమైనాయి. హనుమంతుడు, సీతమ్మ, నవ్వించే జంట జుట్టు పోలిగాడు, బంగారక్క. రాముడు లేని రామాయణం. అశోకవనంలో కూర్చున్న సీతకు రాముడు ఎట్లాగూ కనబడడు. ఆ ఖాళీ గంగి బతుకుకు దగ్గరగా ఉంది. ఆయన ఇచ్చిన సలహా మోత గురించే, కానీ నా నవలకు వెన్నెముక అయింది.

జూన్ చివర, బడి తెరిచినాక

మొదటి మూడు అధ్యాయాలు ఏడో తరగతికి చదివి వినిపించాను. పిల్లలు బాగా విన్నది బొమ్మల మాటలు, పోలిగాడి తిట్లు. రైలు స్టేషను దగ్గర బాగా మౌనంగా ఉన్నారు.

నాలుగో అధ్యాయంలో కరువు పని ఉంటుంది. రోడ్డుకు కంకర కొట్టే పని. దాని కూలి పిల్లలకు లెక్కగా చెబితే అర్థం కాదు. అందుకే బడికి త్రాసు తెచ్చాను. 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని ప్రభుత్వం మద్రాసు రాజధానికి పంపింది. ఖర్చు తగ్గించడం ఆయన పని. అంతకు ముందు ఇస్తున్న దాన్ని కోసి, రోజంతా పని చేసే మగమనిషికి ఒక పౌను ధాన్యం, దాని మీద ఒక అణా అని తేల్చాడు. పౌను అంటే దాదాపు 450 గ్రాములు. ఆడవాళ్లకూ పిల్లలకూ ఇంకా తక్కువ. మద్రాసు ఆరోగ్య శాఖ అధికారి కార్నిష్ అనే వైద్యుడు, ఈ తిండితో ఆ పని చేస్తే మనిషి కరిగిపోతాడని గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు. ఆ నెలలు దాటని వాళ్లు దాటలేదు.

త్రాసులో 450 గ్రాముల కొర్రలు పోసి పళ్లెంలో వేశాము. చూడడానికి ఎక్కువే కనబడ్డాయి. "ఇన్ని ఉండాయి కదా టీచర్" అన్నాడు ఒక పిల్లాడు. అప్పుడు పప్పు తీసేయండి అన్నాను. నూనె తీసేయండి. కూర, మజ్జిగ, ఊరిబిండి, మధ్యాహ్నం బడిలో తినే కోడిగుడ్డు తీసేయండి. ఇక పొద్దుగూకే దాకా రాళ్లు కొట్టండి, రేపు మళ్లీ కొట్టండి. ఎల్లుండి జ్వరం వస్తే పని లేదు, పని లేకుంటే ఈ కొర్రలూ లేవు. పిల్లలు పళ్లెం వంక చూస్తూ ఉండిపోయారు. ఒక అమ్మాయి మాత్రం, "మరి ఓబులేసు పని చేయలేడు కదా, వానికెట్ల?" అని అడిగింది. అదే నా నాలుగో అధ్యాయం. ఆ ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు నాగమ్మ జేజి నోట పెట్టాను.

ప్రతినాయకుడి సంగతి కూడా ఇక్కడే తేలింది. పిల్లల కథలో తరిమేవాడు ఒకడు కావాలి, కాళ్లు పరిగెత్తాలి. గంజి కేంద్రంలో కొలపాత్ర అడుగున మట్టి మెత్తి తక్కువ కొలిచే మేస్త్రీని పెట్టాను. గంగి జుట్టు పోలిగాడి నోటితో ఆ సంగతి ఆటలో బయటపెడుతుంది. జనం నవ్వుతారు, మేస్త్రీ తరుముతాడు. తెర వెనక ఉన్న బొమ్మ ఎవరినైనా ఏమైనా అనొచ్చు, పోలిగాడికి ఆ చనువు ఎప్పటి నుంచో ఉంది. కానీ మేస్త్రీ దొరికిపోతే కరువు తీరిపోయినట్టు రాయడం నాకు ఇష్టం లేదు. అతను మెత్తిన మట్టి పోయినా, పౌను పౌనే. అందుకే మేస్త్రీ ఆరో అధ్యాయంతో కథలోంచి తప్పుకుంటాడు, ఆకలి తప్పుకోదు.

జూలై

కథలో ఉండకూడని వస్తువుల జాబితా పెరుగుతోంది. ఇది నాకు ఎంతో ఇష్టమైన పని.

వేరుశెనగ. అనంతపురం అంటేనే శెనక్కాయ చేలు గుర్తుకొచ్చే మనకు, అవి లేని నేలను ఊహించడం కష్టం. ఇంత విస్తారంగా ఆ పంట పాకింది తర్వాతి శతాబ్దంలో. గంగి చూసిన నేలలో జొన్న, కొర్ర, సజ్జ, రాగి, ఉలవ, ఆముదం, పత్తి.

హార్మోనియం. ఇప్పటి ఆటల్లో తప్పకుండా ఉంటుంది. గంగి నాయన కాలానికి పెట్టలేదు. మద్దెల, తాళాలు, కాళ్ల కింద దబదబలాడే చెక్కపలకలు. లంకలో యుద్ధం మొత్తం ఆ పలకల మీదే జరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, కంపచెట్టు. రోడ్డు పక్కన ఎక్కడ చూసినా ఉండే ఈ సర్కారు తుమ్మ, గంగి దాక్కోవడానికి లేదు. దాని విత్తనాలు జమైకా నుంచి వచ్చి మన కడప జిల్లా కమలాపురం దగ్గర నాటింది సరిగ్గా ఈ కరువు ఏండ్లలోనే. ఇంకా మొలకలు. కాబట్టి మేస్త్రీ తరిమినప్పుడు గంగి తంగేడు పొదల వెనక, రేగుకంప వెనక, బలుసు చెట్ల కింద దాక్కుంటుంది. ఈ ఒక్క మార్పుతో దృశ్యం మొత్తం మారిపోయింది. కంపచెట్లు లేని సీమ చాలా బట్టబయలుగా ఉంటుంది, దాక్కునే చోటు తక్కువ, కంటికి ఆనే దూరం ఎక్కువ. పరిగెత్తే పిల్లకు అది ఎంత భయమో రాసేటప్పుడు నాకే తెలిసింది.

తినేవాటి దగ్గర జాబితా తలకిందులవుతుంది. ఇప్పుడు మనం ఆకుల్లో లెక్క వేయనివి అప్పుడు కూడు. బతికుంటే బలుసాకు తినొచ్చు అనే మాట అందరమూ వాడతాము. ఆ ఆకు ఏదో చూపించమంటే తరగతిలో ఒక్కరికీ తెలియలేదు. ఊరి బయట గుట్టకు తీసుకుపోయి చూపించాను. నాగజెముడు పండ్లు ముల్లు తీసి తినడం మాత్రం ఇద్దరు పిల్లలకు వచ్చు. ఆ ముల్లు తీసే పద్ధతి వాళ్ల దగ్గరే నేర్చుకుని ఐదో అధ్యాయంలో రాశాను. నేల మీద దొర్లించి, మట్టితో రుద్ది, అప్పుడు చీల్చాలి.

ఆగస్టు, తోలు అధ్యాయం

నవల మొత్తం ఈ అధ్యాయం మీద నిలబడాలి. అందుకే ఎక్కువ కాలం దీని దగ్గరే ఉన్నాను.

గంగి నాయన చనిపోయే ముందు చెక్కుతున్న బొమ్మ బృహన్నల. ఎందుకంటే ఊరివాళ్లు విరాటపర్వం ఆడమని అడిగారు. విరాటపర్వం చదివినా ఆడినా వాన పడుతుందని మన ఊర్లలో గట్టి నమ్మకం. ఆటకు ఒప్పుకుని, తోలు తెచ్చి, చెక్కడం మొదలుపెట్టి, సగంలో ఆయన పోయాడు. రంగు వేయలేదు. ముఖం, ఒక చెయ్యి, నడుము దాకా నగలు తెగినాయి. గంగి ఆ తోలును నాలుగు బొమ్మలతో పాటు చాపల నడుమ పెట్టుకుని మోస్తోంది.

పచ్చి తోలు. ఊనలేదు, తంగేడు చెక్కతో నానబెట్టలేదు, అంటే చెప్పుల తోలు కాదు. గీకి ఎండబెట్టిన మేక చర్మం మాత్రమే. దాన్ని నానబెట్టి చాలాసేపు ఉడికిస్తే కరిగి జిగురవుతుంది. వడ్రంగులు వాడే వజ్రం బంక ఇట్లాంటి తోలు ఉడికించి తీసేదే. అది తిండి కూడా. ఈ సంగతి తట్టిన రోజు నుంచి నాకు ఇంకో దారి కనబడలేదు. మూడు రోజులుగా ఓబులేసు కండ్లు తెరవడం లేదు. పక్కన కుండ ఉంది, చెలమలో నీళ్లు ఉన్నాయి, ఎండు కంప ఉంది. చాపల నడుమ తోలు ఉంది.

నిమ్మలకుంట పెద్దాయనకు ఫోను చేసి అడగడానికి నాకు నోరు రాలేదు. మళ్లీ వెళ్లి, ఎదురుగా కూర్చుని అడిగాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రంగేసిన బొమ్మనైతే ముట్టకూడదు మేడమ్మా. రంగెయ్యని తోలు ఇంకా మేకదే," అన్నారు. ఈ మాటను నాగమ్మ జేజికి ఇచ్చాను. ఇంతకంటే బాగా నేను రాయలేను.

గంగి ఆ తోలును తనే కోస్తుంది. జేజి కోస్తానన్నా ఇవ్వదు. నాయన ఉలితోనే, నాయన చెక్కిన గీతల వెంబడే కోస్తుంది, ఎందుకంటే అక్కడ చిల్లులు ఉన్నాయి కాబట్టి తేలికగా తెగుతుంది. కాళ్ల వైపు నుంచి మొదలుపెడుతుంది. ముఖం చివరికి వస్తుంది. ముఖం కూడా కుండలో పడుతుంది. ఒక్క ముక్క దాచుకున్నట్టు రాయాలని నాకు చాలా అనిపించింది. చెవి పోగు ఒకటైనా కొంగులో కట్టుకున్నట్టు. రాయలేదు. మూడేండ్ల పిల్లాడు చనిపోయేలా ఉన్నప్పుడు, కుండ పక్కన కూర్చున్న అక్క చెవిపోగు దాచుకోదు.

తరగతికి ఇది చదివేటప్పుడు భయపడ్డాను. ఎవరూ ఏడవలేదు. ఒక అబ్బాయి, "రుచి ఎట్లుంటాది టీచర్?" అని అడిగాడు. ఉప్పు లేని పాయా లాగా ఉంటుందేమో అని ఇంకో పిల్ల చెప్పింది. ఓబులేసు తాగినాడా లేదా అన్నదే అందరికీ కావాలి. తాగాడు, కండ్లు తెరిచాడు అని తర్వాతి పేజీ చదివితేనే ఊపిరి పీల్చుకున్నారు. పిల్లలకు భయం వేసేది కష్టాన్ని చూసి కాదనీ, ఆ కష్టంలో పెద్దవాళ్లు ఏం చేయాలో తెలియక నిలబడిపోతే అనీ నాకు గట్టిగా అనిపిస్తోంది. గంగికి ఏం చేయాలో తెలుసు. అందుకే వాళ్లు ఆమె వెంట నడుస్తున్నారు.

దసరా సెలవులు, కోయిలకుంట్ల

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీసి, 1877 దాకా అట్లే ఉంచారని చెబుతారు. అంటే గంగి ఆ ఊరు దాటే ఏడు. దాన్ని చూపించాలా వద్దా అని చాలా ఆలోచించాను. చూపించాను. కానీ భయంకరంగా కాదు. ముప్పై ఏండ్ల ఎండావానలకు అది జనానికి అలవాటైపోయిన వస్తువు. గోడ కింద నీడలో గంగి కూర్చుంటుంది, నాగమ్మ జేజి తను వయసులో ఉన్నప్పుడు విన్న రెడ్డి కథ చెబుతుంది. అదే ప్రాంతంలోని బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వేల మందికి గంజి పోసిన సంగతి కూడా ఆమె నోటనే వస్తుంది. ఆయనకు విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. పదేండ్ల తర్వాత అదే నేల మీద అంతకంటే పెద్ద కరువు. "అన్నం పెట్టినోడి పాట పాడితే జనం వింటారు పాపా" అంటుంది జేజి. గంగి ఆ రాత్రి సుందరకాండ ఆడకుండా ఆ కథ పాడుతుంది. ఇది చిన్న అధ్యాయం. పెంచను.

కార్తీకం, బెలుం

ఈ అధ్యాయం వరసలో కోయిలకుంట్లకు ముందుది, కానీ రాయడం ఇప్పటికి కుదిరింది.

బెలుం గుహలను రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1884లో రాసి పెట్టాడు. ఊరివాళ్లకు అంతకు ముందే తెలుసు. ఇప్పుడు మెట్లు, దీపాలు ఉన్నాయి, మూడు వేల రెండు వందల మీటర్లకు పైగా లోపల నడవాలు ఉన్నాయని బోర్డు మీద చదువుతాము. గంగి కాలంలో పైనుంచి బావి లాంటి గుంటలోకి దిగాలి, ఊడ పట్టుకునో తాడు పట్టుకునో. లోపల గాలి ఆడదు, నిలబడితే చెమట కారుతుంది. చల్లగా ఉంటుందనుకుని రాస్తే తప్పవుతుంది. లోతుకు పోతే పాతాళగంగ దగ్గర నీళ్లు. గంగి వాళ్లకు దొరికేది కరువు కాలపు నాలుగు గుటకలు.

ఇక్కడ నాకు కావలసింది ఆట. ఆముదం అయిపోయింది. దీపం లేకుండా తోలుబొమ్మ ఆట లేదు. గుహలో మంట వేస్తే పొగకు ఉక్కిరిబిక్కిరి అవుతారు. అందుకని మిట్టమధ్యాహ్నం లోపలికి దిగి, పైగుంట నుంచి పడే వెలుతురు ఎక్కడ పడుతుందో చూశాము. నాతో వచ్చిన చిత్రకారిణి తెల్ల కండువా పట్టుకుంది, నేను ఆమె వెనక అట్టముక్కతో కత్తిరించిన హనుమంతుడిని పట్టుకున్నాను. నీడ పడింది. అంచులు మెత్తగా ఉన్నాయి, కానీ తోక, గద తెలుస్తున్నాయి. కాబట్టి గంగి మిట్టమధ్యాహ్నం ఆట ఆడుతుంది, సూర్యుడు ఆ గుంట మీద ఉన్నంతసేపే. రాత్రంతా ఆడవలసిన సుందరకాండ ఒక గడియలో అయిపోవాలి. ఏది ఉంచాలి, ఏది వదలాలి అని గంగి తేల్చుకునే తీరు ఈ అధ్యాయంలో నాకు ఎక్కువ నచ్చింది. సముద్రం దాటడం వదిలేస్తుంది. ఉంగరం ఇవ్వడం ఉంచుతుంది.

ధనుర్మాసం, మిగిలిన పని

చివరి భాగం కాలువ గట్టు మీద. అక్కడికి చేరిన జనం విరాటపర్వం ఆడమని గంగిని అడుగుతారు. బృహన్నల లేదు, ఓబులేసు కడుపులో ఉంది. బొమ్మ లేకుండా గొంతుతో ఆడుతుంది. వాన పడదు. ఈ నిర్ణయం నేను మొదటి రోజే తీసుకున్నాను, మార్చుకోలేదు. ఆట వల్ల వాన పడిందని రాస్తే, అంతకు ముందు ఆడిన ఊర్లన్నిటిలో చనిపోయిన వాళ్ల ఆట తక్కువదని చెప్పినట్టు అవుతుంది. ఆ రాత్రి వాన పడకపోయినా, తెర ముందు కూర్చున్న వాళ్లు తెల్లవారే దాకా లేవలేదు. అది చాలు. వానలు 1877 సెప్టెంబరులో వస్తాయి, ఎవరూ పిలవని రోజున.

వానతో జ్వరాలు వచ్చాయి. బక్కచిక్కిన ఒండ్లలో చలిజ్వరం తట్టుకునే బలం లేదు. ఆ జ్వరంలో నాగమ్మ జేజి పోతుంది. తరగతి మొత్తం దీన్ని ఒప్పుకోలేదు. వాన పడినాక చంపకూడదని వాదించారు, ఒకరిద్దరు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నేను మార్చలేదు. జేజిని ఉంచమని అడిగిన వాళ్లకు నేను ఇచ్చింది ఒకటే, ఆమె పోయే ముందు గట్టు మీద మొలిచిన పచ్చ జొన్నను చేత్తో తడిమే చిన్న దృశ్యం. అది వాళ్ల కోసమే రాశాను.

చిత్రాల సంగతి. నలుపు తెలుపులో అచ్చు వేస్తే ఖర్చు తగ్గుతుంది. కానీ ఈ బొమ్మల నీడలో రంగు ఉంటుంది, అదే వీటి ప్రత్యేకం. లేపాక్షి కప్పు మీద చిత్రాల్లో ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నలుపు గీత, ఆ పెద్ద కండ్లు తోలుబొమ్మల్లోనూ కనబడతాయి. నాలుగు పేజీలైనా రంగులో వేయాలని పట్టుబడుతున్నాను. బృహన్నల తోలును మాత్రం రంగు లేకుండా, గీత, చిల్లు, ఖాళీ కాగితంగా వేయిస్తాము.

కొత్త బృహన్నలను గంగి చెక్కుతుందా అని పిల్లలు అడుగుతున్నారు. నిమ్మలకుంట పెద్దాయనను అడిగాను. "మేక యాడుంది మేడమ్మా, కరువులో పోయినాయి గదా. మందలు మళ్లీ పెరగల్ల. పెరిగినా ముందు పాలకూ ఈతకూ కావల్ల, తోలుకు ఎవరిస్తారు?" అన్నారు. కాబట్టి నవల అయ్యేనాటికి కూడా గంగి దగ్గర నాలుగే బొమ్మలుంటాయి. చివరి ఆటలోనూ బృహన్నల గొంతుగానే వస్తుంది. ఓబులేసు తాళం వేస్తాడు.

ఆ ఆట ఇంకా రాయాలి. తిక్కన విరాటపర్వంలో ఉత్తరకుమారుడు కౌరవ సేనను చూసి రథం దిగి పారిపోయే ఘట్టం, బృహన్నల వెంటబడి పట్టుకుని వెనక్కి తెచ్చే ఘట్టం మళ్లీ చదువుతున్నాను. భయపడిన పిల్లాడిని పట్టుకుని "నేనుండాను, రా" అనే మాటను పదేండ్ల పిల్ల గొంతుకు, చిత్రావతి ఒడ్డు మాటకు కుదించాలి. సంక్రాంతి సెలవుల్లో ఆ అధ్యాయం అయితే, బడి తెరిచిన వారమే తరగతికి చదువుతాను.